ఎనిమిది అంగుళాల మోక్షం

బోయిసీలో ఉండే మా బావమరిదికి డిసెంబరులో మంచు పడగానే జబ్బు తిరగబెడుతుంది. మోటోక్రాస్ బండికి ముందు చక్రం పీకి స్కీ తగిలిస్తాడు. వెనక చక్రం, దాన్ని మోసే స్వింగార్మ్ పీకి రబ్బరు ట్రాక్ ఉన్న కిట్ బిగిస్తాడు. అదే స్నో బైక్. ఈ కిట్లకు పేరు తెచ్చిన టింబర్‌స్లెడ్ కంపెనీ బోయిసీ ఉన్న ఐడహో రాష్ట్రానిదే, శాండ్‌పాయింట్ ఊరిది. 2015లో పొలారిస్ దాన్ని కొనేసింది. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఎవరి పిచ్చి వాళ్ళకు ఆనందం.

గొడవెక్కడంటే, కిట్ కొన్న రెండో చలికాలానికి ఈ స్నో బైక్ వాళ్ళందరికీ ఒకటే జ్ఞానోదయం అవుతుంది: ట్రాక్ పొట్టిదైపోయింది! నిరుడు సరిపోయింది ఈ ఏడు పొట్టిదవడానికి అదేమన్నా పిల్లాడి లాగూనా? కొండెక్కుతూ మెత్తటి మంచులో బండి వెనకభాగం గొయ్యి తవ్వుకుని కూర్చున్న ప్రతిసారీ తప్పు ట్రాక్‌దే. సగం కొండలో గుండె జారి యాక్సిలరేటర్ వదిలేసిన సంగతి మాత్రం ఎవరూ అడగకూడదు. ఆడలేక మద్దెల ఓడన్నారు గాని, మద్దెలని సాగదీస్తే ఆట వస్తుందని మన పెద్దలెవరూ అనలేదు.

"129 తీసేసి 137 వేస్తున్నా బావా. ఎనిమిది అంగుళాలేగా! ఒక్క శనివారం పని" అన్నాడు.

ఆ అంకె దేని కొలత అనడిగాను. ట్రాక్ పొడవట. నిజమే, చుట్టూ తిరిగే మొత్తం పొడవు, పిండిమర బెల్టుని చుట్టూ టేపు పెట్టి కొలిచినట్టు. అందులో ఇంచుమించు సగం ఎప్పుడూ పైనే తిరుగుతూ ఉంటుంది. అంటే ఎనిమిది పెంచితే కింద మంచుకి ఆనేది నాలుగు. ట్రాక్ వెడల్పు పదకొండు అంగుళాలనుకుంటే, మావాడు కొత్తగా సంపాదించిన జాగా నలభై నాలుగు చదరపు అంగుళాలు. సగానికి మడిచిన ఏ4 కాగితమంత కూడా లేదు.

ఆ కాగితం ముక్క కోసం పడే పాట్లు చూడండి. ట్రాక్ మొలతాడు కాదు, ముడేసి పొడిగించడానికి. కొత్తది కొనాలి. దాని పిచ్, అంటే వరసకీ వరసకీ మధ్య దూరం, తిప్పే చక్రాల పళ్ళతో కుదరాలి. లోపలి పట్టాలు పొడిగించాలి, వెనక ఇరుసు జరపాలి. పైకప్పులాంటి టన్నెల్ చాలకపోతే దానికీ అతుకు. ఇంజిన్ మూలుగుతోందని ముందు స్ప్రాకెట్ మార్చి ఒక పన్ను తగ్గించాలి. సస్పెన్షన్ సర్దుబాటు మళ్ళీ మొదటికి. శనివారం కాస్తా సంక్రాంతి దాకా సాగింది.

పోనీ, లాగేదెవరు? 450 సీసీ ఇంజిన్. మహా అయితే యాభై అరవై హార్స్‌పవర్. ఎనిమిది వేల అడుగుల ఎత్తుకి పోతే గాలి పలచబడి ఆ గుర్రాల్లో పావు వంతు ఇంటిదారి పడతాయి. మిగిలినవాటి మెడకి ఇంకాస్త రబ్బరు కట్టి పరిగెత్తమంటాడు. అసలు స్నో బైక్ సొగసంతా ఒంగడంలో ఉంది. స్నోమొబైల్ దూరలేని చెట్ల సందుల్లో ఇది పాములా దూరుతుంది. ట్రాక్ పెరిగేకొద్దీ వెనకనుంచి తోపు ఎక్కువై, ముందు స్కీ తిరగనని మొరాయిస్తుంది. పొడవాటి ట్రాకూ, తిన్నటి దారీ కావాలంటే ఆ స్నోమొబైలే ఉందిగా, 850 సీసీతో, నూటయాభై పైచిలుకు గుర్రాలతో!

భారీ మనిషికి, నడుంలోతు పొడిమంచుకి పొడవాటి ట్రాక్ మేలు చేస్తుంది, కాదనను. అందుకోసం 137కే పుట్టిన కిట్లున్నాయి. కావలసినవాళ్ళు అవే కొనుక్కోవచ్చు. పొట్టిగా పుట్టినదాన్ని గరాజ్‌లో వేలాడదీసి పొడుగు సాగించడం దేనికని నా ఏడుపు.

మొన్న ఫోన్ చేశాడు. కొండెక్కాడట, దిగబడలేదట. దిగేటప్పుడు మాత్రం ఒక పైన్ చెట్టు పక్కకి తప్పుకోలేదట. మోచేతికి కట్టుంది. "120 అయితే ఇంకా బాగా తిరుగుతుంది కదా బావా?" అన్నాడు.

పాత 129 ట్రాక్ వాడి గరాజ్ గోడకి వేలాడుతోంది. బోయిసీ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి. ధర వాడితో మాట్లాడుకోండి, టేపు మాత్రం మీరే తెచ్చుకోండి.