‘ఉన్నావా’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మైఎస్‌క్యూఎల్‌ఐ_పింగ్(కనెక్షన్)

అవతారిక: పీహెచ్‌పీలో రాసిన పేజీ, తన సమాచారమంతా దాచుకున్న మైఎస్‌క్యూఎల్ సర్వర్ మెలకువగా ఉందో లేదో తెలుసుకోగోరి ఈ సూత్రాన్ని పలుకుతోంది.

ప్రతిపదార్థం: కనెక్షన్ = అంతకుముందే కుదిరిన లంకెను; పింగ్ = ‘ఉన్నావా’ అని పిలుచుట; ఫలము = ఉంటే ట్రూ, తెగితే ఫాల్స్.

తాత్పర్యం: ఇందులో ‘అంతకుముందే’ అన్నదే కీలకం. తిరువళ్లూరు స్థలపురాణంలో వీరరాఘవస్వామి ముసలివాడై వచ్చి, శాలిహోత్ర మహర్షి పెట్టిన అన్నం తిన్నాకే ‘పడుకునే చోటెక్కడ’ అన్నాడు. ఆ ప్రశ్నే ఊరి పేరైందంటారు. లోపలికి వచ్చినవాడికే ఆ ప్రశ్న చెల్లుతుంది. పింగూ అంతే. 3306 పోర్టు తలుపు తీస్తేనే కనెక్షన్, కనెక్షన్ ఉంటేనే పింగ్. తలుపు తీయకుంటే కనెక్ట్ అనే పనే విఫలమై, అడగకముందే జవాబు చెప్పేస్తుంది.

పూర్వపక్షం: 28,800 సెకన్లు, అంటే 8 గంటలు, ఉలుకూ పలుకూ లేకపోతే మామూలు అమరికలో సర్వరే లంకె తెంచేస్తుంది కదా, రాత్రంతా నడిచే స్క్రిప్టుకైనా పింగ్ అక్కరకు రాదా? సమాధానం: ఆ జవాబు అడిగిన క్షణానికే ప్రమాణం. తిరువళ్లూరులో రైలెక్కుతూ గుడి తెరిచే ఉందని ఫోనులో విన్నవాడు, అరక్కోణం మీదుగా తిరుత్తణి చేరి 365 మెట్లు ఎక్కేసరికి తలుపులు మూసి ఉండవచ్చు. విన్నది అబద్ధం కాదు, పాతబడింది. పింగుకూ క్వెరీకీ నడుమ మిల్లీసెకన్లే అయినా మెట్లు మెట్లే. తెగిన లంకెను పింగే మళ్లీ అతికించిన రోజులు ఉండేవి. ఆ సదుపాయం పోయాక, 2024లో వచ్చిన పీహెచ్‌పీ 8.4 ఈ సూత్రాన్ని ఇక వాడవద్దంది. సర్వర్ ఎంతసేపటి నుంచి మేలుకుని ఉంది, ఎన్ని క్వెరీలు నత్తనడక నడిచాయి అని మైఎస్‌క్యూఎల్‌ఐ_స్టాట్ చెబుతుంది కదా అంటారా, అది వేళకు వచ్చి నాడి పట్టే వైద్యుడి పని. భోజనానికి వచ్చినవాడు వంటావిడ నాడి చూడడు.

సిద్ధాంతం: కావలసిన క్వెరీనే పంపాలి, కాదంటే పట్టుకోవాలి. పీహెచ్‌పీ 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ తప్పు జరిగితే తానే ఎక్సెప్షన్ విసురుతుంది; ట్రై, క్యాచ్ చాలు. సర్వర్ వెళ్లిపోయిందని 2006 నంబరు లోపం వస్తే మళ్లీ కనెక్ట్ కావచ్చు. అయితే నడుమ తెగిన ట్రాన్సాక్షన్‌ను ఆగిన మెట్టు నుంచి కాదు, మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.