కిల్విష్ శక్తిమాన్‌కి మేనమామ

పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ఆదివారం పొద్దున్నే ఒక ఫార్వర్డు తప్పకుండా దిగుతుంది. మోగ్లీ బొమ్మ ఒకటి, గిర్రున తిరిగే శక్తిమాన్ బొమ్మ ఒకటి. కింద "మా కాలంలో పిల్లల కార్యక్రమాల్లో విలువలుండేవి, మన సంస్కృతి ఉండేది, ఇప్పటి పిల్లలకి ఆ అదృష్టం లేదు" అని నాలుగు ముక్కలు. ఆ కింద దండాల బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు బారులు తీరతాయి. పెట్టినాయన చీరాల్లో బట్టల కొట్టు గల్లాపెట్టె ముందు కూర్చుని ఉంటాడు. పక్కన కొడుకు ఫోన్లో షించాన్ చూస్తుంటే "ఆ జపాన్ దరిద్రం ఆపరా ముందు" అని కేకేసి మరీ పెడతాడు.

మోగ్లీ మన సంస్కృతట! కథ రాసిన కిప్లింగ్ ఇంగ్లీషాయన. బొంబాయిలో పుట్టాడు గనక సగం మనవాడే అనుకుందాం. రాసింది మాత్రం అమెరికాలో, మంచు కురిసే వెర్మాంట్‌లో కూర్చుని. 1989లో దాన్ని బొమ్మల సీరియల్ చేసింది నిప్పన్ యానిమేషన్ అనే జపాన్ కంపెనీ. 1993లో దూరదర్శన్ దాన్ని హిందీలో వేసింది. పాట గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు, షేర్‌ఖాన్‌కి నానా పటేకర్ గొంతిచ్చాడు. ఇంగ్లీషు కథ, జపాన్ బొమ్మ, ఉర్దూ కవి, మరాఠీ పులి. ఇందులో చీరాల వాటా ఏదైనా ఉందంటే డాబా ఎక్కి యాంటెన్నా తిప్పడం. పాపం షించాన్ చేసిన నేరమల్లా మనం పెద్దయ్యాక రావడమే.

ఇక అప్పటి మరో కార్యక్రమం, డిస్నీ వాళ్ల డక్‌టేల్స్ గురించి ఎక్కువ చెప్పను. బంగారు నాణేల గుట్టలోకి తలకిందులుగా దూకి ఈత కొట్టే ముసలి బాతు అందులో కథానాయకుడు. అది ఏ విలువ నేర్పిందో మా బ్యాచ్‌లో చిట్టీలు నడిపేవాళ్లనడగాలి.

అసలు ఆ విలువలు మనకి ఏ భాషలో అందాయి? హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైనా, ఆ తెలుగు మనకి సాయంత్రాలే దక్కేది. ఆదివారం పొద్దున అంతా ఢిల్లీ, అంతా హిందీ. సర్కారు బళ్లో హిందీ ఆరో తరగతిలో మొదలయ్యేది. 1997 సెప్టెంబర్‌లో శక్తిమాన్ వచ్చేనాటికి పేరాల, జాండ్రపేట పిల్లలకి తడుముకోకుండా వచ్చిన హిందీ వాక్యం ఒక్కటే: "రుకావట్ కే లియే ఖేద్ హై". ప్రసారం ఆగిపోయినప్పుడు తెరమీద అదే కనపడేది, చాలాసేపు కనపడేది.

మా వీధిలో ఈ లోటు తీర్చింది ఒక అక్క. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ల ప్రాథమిక్ పాసైంది, మధ్యమ తప్పింది. ఆ ఒక్క సర్టిఫికెట్టుతో వీధంతటికీ దుబాసీ. ఆదివారం మధ్యాహ్నం టీవీకి ఎదురుగా రాట్నం వేసుకుని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడంచేత్తో నూలు వదులుతూ కండెలు చుట్టేది. గంపలో కండెలు పడుతుండేవి, నోట్లోంచి అనువాదం పడుతుండేది. రాట్నం చప్పుడుకి టీవీ ఎటూ వినపడదు గనక ఆవిడ చెప్పిందే వేదం.

"కిల్విష్ ఎవరక్కా?" అంటే "శక్తిమాన్‌కి మేనమామరా" అంది, కండె మీంచి చూపు తిప్పకుండా. కంసుణ్ని, శకునిని చూసిన దేశంలో చెడ్డవాడు మేనమామ కాక ఇంకెవరవుతాడు? పొలం గట్టు తగాదా అట. శక్తిమాన్ మారువేషమైన గంగాధర్‌కి పళ్లెత్తు చెరుకు కొరికి కొరికి వచ్చిందట. అందులో విలేఖరి గీతా విశ్వాస్ గొంతు పెంచినప్పుడల్లా "కట్నం అడగొద్దంటోంది" అని చెప్పేది. ఇదంతా మేం నోళ్లు తెరుచుకుని నమ్మాం. మాకు విలువలు అంటీ అంటనట్టు ఏవైనా అంటి ఉంటే, అవి ప్రాథమిక్ పాసైన ఆ నోటివి. శక్తిమాన్‌గా వేసిన ముఖేష్ ఖన్నా కష్టం మా వీధిదాకా రాలేదు. ఆవిడ ఫొటో మాత్రం ఏ గ్రూపులోనూ ఫార్వర్డు కాదు.

చూసిందాని ఫలితం కూడా దక్కింది. వీధి పొడుగునా పడుగు సాగదీసి ఉంటే, ఒక బుడ్డోడు శక్తిమాన్‌లా గిరగిరా తిరుగుతూ పోయి అందులో పడ్డాడు. తెగిన పోగులు అతకడానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. వాడి వీపు విమానం మోత మోగింది. మిగతా దేశంలో శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారని పత్రికల్లో వార్తలొస్తే, పాపం ముఖేష్ ఖన్నానే తెర మీదికొచ్చి ఇలాంటివి చెయ్యొద్దని బతిమాలుకోవాల్సి వచ్చింది. విలువల సీరియల్‌కి హెచ్చరిక బోర్డన్నమాట.

మా అన్నయ్యల తరం ఫార్వర్డుల్లో 1985 నాటి 'విక్రమ్ ఔర్ బేతాళ్' ఉంటుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడ. బేతాళుడు మనకి ఢిల్లీ నించి రావాలా? 1947 జూలైలో చందమామ పెట్టిన ఇద్దరిలో చక్రపాణిది తెనాలి. దశాబ్దాల పాటు దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. చీరాల్లో రైలెక్కితే బాపట్ల, నిడుబ్రోలు దాటాక వచ్చే ఊరు. శంకర్ బొమ్మలో శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడు నెలనెలా చక్కటి తెలుగులో గుమ్మంలోకి వస్తుంటే, తెల్ల విగ్గు పెట్టుకుని ముక్క అర్థంకాని భాషలో కేకలేసే బేతాళుణ్ని చూసి మురిసిపోయారు. పైగా ఆ విక్రముడు అరుణ్ గోవిల్. రెండేళ్లు తిరక్కుండా ఆయనే రాముడై వస్తే, పిల్లలు రాముడి భుజాన దయ్యం కోసం వెతికారు.

మొన్న ఒక మిత్రుడు ఈ విలువల్ని వారసత్వంగా ఇద్దామని కూతురికి యూట్యూబులో శక్తిమాన్ పెట్టాడు. ఆ పిల్ల కాసేపు చూసి, "నాన్నా, ఆయనకి కళ్లు తిరగవా?" అనడిగింది. ఇన్నేళ్లలో మాలో ఒక్కడికీ తట్టని ప్రశ్న. వాడు జవాబు వెతుక్కునేలోపు రిమోట్ చేతులు మారింది.

2022లో సోనీ పిక్చర్స్ వాళ్లు శక్తిమాన్‌ని సినిమాగా తీస్తామని ప్రకటించారు. తీస్తే తెలుగులోనూ వదులుతారు, ఈ రోజుల్లో అది మామూలే. అప్పుడు మా బ్యాచ్ అంతా పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని హాలుకెళ్లి, శక్తిమాన్ అసలు ఏం మాట్లాడతాడో మొట్టమొదటిసారి వింటారు. కిల్విష్ ఏ వరసా కాడని తెలిస్తే టిక్కెట్టు డబ్బులు వెనక్కిమ్మని గొడవ చేసేవాళ్లలో నేనూ ఉంటాను.