తాతకు దగ్గులు

మన ప్రభుత్వాలకు ఒక గట్టి నమ్మకం: చిన్న పరిశ్రమ కుంటుపడిందంటే దాని యజమానికి తెలివి చాలలేదని. బిల్లులు రాలేదా? శిక్షణ. కరెంటు చార్జీ మోయలేకపోతున్నాడా? శిక్షణ. అప్పు రీషెడ్యూలు చేయమంటే బ్యాంకు వినడం లేదా? టీ, భోజనాలతో మూడు రోజుల శిక్షణ. ఆఖర్న సర్టిఫికెట్, గ్రూపు ఫొటో.

మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో గట్లు తెంచుకుని విజయవాడ మీద పడింది. దుకాణాల్లో సరుకు, షెడ్లలో మోటార్లు బురదపాలయ్యాయి. అప్పుల వాయిదా తేదీలు మాత్రం తడవలేదు. అలా మునిగి తేలినవాణ్ణి ఏసీ హాల్లో కూర్చోబెట్టి రిస్కు మేనేజ్‌మెంటు మీద పాఠం చెప్పండి, వింటాడు. మర్యాదస్తుడు.

మైలవరం నియోజకవర్గంలోనే ఉన్న కొండపల్లి బొమ్మల సంగతి మరీ ముచ్చట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఒకటి. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు. ఆ శిక్షణ పూర్తయితేనే లక్ష రూపాయల మొదటి అప్పుకు అర్హత. తాత ముత్తాతల నాటి నుంచి దశావతారాలు, అంబారీ ఏనుగులు చెక్కుతున్న ఇంటివాడికి ప్రాథమిక శిక్షణ! తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే. ఆయనకు కావలసింది ఆ బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర. అడవిలో అది తరిగిపోతోంది. చెట్టుకు శిక్షణ ఇచ్చే పథకం ఇంకా రాలేదు.

అప్పుల పునర్వ్యవస్థీకరణలోనూ ఇదే దయ. 2019 జనవరి 1న రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. 25 కోట్ల లోపు అప్పుండి, కిస్తీ తప్పినా ఇంకా ఎన్‌పీఏ (మొండి బకాయి) కాని ఖాతాలను ఒకసారికి సర్దుబాటు చేయవచ్చంది. మంచిదే. అదే ఏడాది మన ఆంధ్రప్రదేశ్ ఆ సర్దుబాటుకు తోడుగా వైఎస్సార్ నవోదయం పథకం తెచ్చింది. సర్దుబాటుకు కావలసిన నివేదిక రాసే ఆడిటరు ఫీజులో సగం, 2 లక్షలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తానంది. అప్పులవాడికి ఊరట దొరికేదీ లేనిదీ బ్యాంకు దయ. ఆడిటరుకు మాత్రం ముందే దొరికింది.

అసలు రోగం ఎక్కడుందో చట్టానికి తెలుసు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న పరిశ్రమ దగ్గర సరుకు తీసుకున్నవాడు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. తగవు ఆ చట్టం కిందే ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిలుకు వెళితే 90 రోజుల్లో తేల్చాలి. కిస్తీ కట్టక 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ. రెండు చోట్లా అంకె ఒకటే. బ్యాంకు కంప్యూటరు ఒక్క రోజు కూడా మరిచిపోదు. కౌన్సిలు 90 రోజులు ఎంత దూరం సాగుతాయో దాని తలుపు తట్టినవాళ్లను అడగండి.

శిక్షణ దండగని ఎవరన్నారు? జీఎస్టీ రిటర్నులు వేయడం, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో సరుకు అమ్మడం నేర్పితే మేలే. కానీ అమ్మిన సరుకుకు డబ్బు రాకపోతే, ఆ చదువంతా మరికొందరికి అప్పు పెట్టడానికే పనికొస్తుంది.

అందుకే నాదొక మనవి. హాళ్లు, టీలు, ఫొటోగ్రాఫరు అన్నీ ఉన్నవే ఉంచండి. కుర్చీల్లో మనుషుల్ని మార్చండి. మొదటి బ్యాచ్: బిల్లులు తొక్కిపెట్టిన ప్రభుత్వ శాఖలు, పెద్ద కంపెనీలు. పాఠ్యాంశం, 45 దాకా లెక్కపెట్టడం. రెండో బ్యాచ్: బ్యాంకర్లు. పాఠ్యాంశం, రీషెడ్యూలు దరఖాస్తును ఖాతా ఎన్‌పీఏ కాకముందే చదవడం. మూడో బ్యాచ్: నివేదికలు రాసేవాళ్లు. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న గడి పక్కన, వాళ్లలో ఎందరి షెడ్లు ఇంకా తెరిచి ఉన్నాయన్న గడి గీయడం.

స్టైపెండు వాళ్లకూ రోజుకు 500 ఇద్దాం. అది తమ హోదాకు చాలదంటే, మిగతాది చిన్న పరిశ్రమలవాళ్లే వేసుకుంటారు, తమ పాత బిల్లులు అందిన మర్నాడే.