గిలక చప్పుడు

మా అవ్వ చెప్పే కథల్లో దెయ్యం కథ ఒక్కటే. ఆమె దాన్ని దెయ్యం కథ అని ఎప్పుడూ అనలేదు, ఆ పేరు పెట్టింది నేను. వజ్రకరూరులో మా పాత ఇంటి వెనక చేదబావి ఉండేది. ఒక కరువు ఏడు, అట్టడుగు నీళ్లు చేదబోయి అవ్వ చెల్లెలు అందులో పడిపోయింది. పదకొండేళ్ల పిల్ల. ఆ తర్వాత గాలి లేని రాత్రుల్లో కూడా గిలక తిరిగిన చప్పుడయ్యేదని, తను లేచి కూర్చుని వినేదని చెప్పి అవ్వ ఆపేసేది. "కనబడిందా అవ్వా?" అంటే, "కనబడేదేముందిరా అబ్బీ, నీళ్లు చేదుకుంటాంది" అనేది.

నాకది చాలేది కాదు. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992) క్యాసెట్ అద్దెకు తెచ్చుకున్నప్పుడూ ఇదే గొడవ. కెమెరాయే దెయ్యమై రేవతి వెనక నడుస్తుంటే పక్కవాళ్లు బిగుసుకుపోయారు. నేను మాత్రం "దెయ్యమేదీ?" అని సతాయించాను. రవిబాబు 'అవును' (2012)లో కంటికి కనిపించనివాడితో భయపెడితే, అది డబ్బు మిగుల్చుకునే ఎత్తని వాదించాను. చూపించే దమ్ము లేనివాళ్లే దాస్తారని నిజంగా నమ్మాను.

ఆ నమ్మకంతోనే అవ్వ కథను పొట్టి సినిమాగా తీశాను. పూడిపోయిన బావి, గిలక, వాకిట్లో నులకమంచం. చివర్లో వీధిలో పిల్లకు మొహాన ముగ్గుపిండి పూసి, కళ్ల చుట్టూ కాటుక దిద్ది, ఒర మీద నిలబెట్టాను.

తొలకరి పడిన వారం అవ్వకు చూపించాను. ఊరి చేలల్లో వజ్రాల కోసం వచ్చినవాళ్లు తలలు వంచుకుని తిరుగుతున్నారు. ఇంట్లో మేమిద్దరమే. గిలక చప్పుడు రాగానే అవ్వ చెయ్యి నా మోకాలి మీద పడింది. వేళ్లు బిగిశాయి. అంత గట్టిగా ఆమె నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. ఒర మీద తెల్లమొహం లేచింది. వేళ్లు వదులయ్యాయి.

"ఇది మా చెల్లెలు కాదురా" అని లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాతే పాత సినిమాలు కుదురుగా చూశాను. 'క్యాట్ పీపుల్' (1942)లో జాక్ టూర్నర్ ఈతకొలను గోడల మీద నీడలు ఆడించి, ఒక గుర్రుమనే చప్పుడు వినిపించి వదిలేశాడు. ఆయనదే 'నైట్ ఆఫ్ ది డెమన్' (1957)లో మాత్రం నిర్మాత పట్టుబట్టి రాక్షసుణ్ణి తెర నిండా చూపించాడు. రాబర్ట్ వైజ్ తీసిన 'ది హాంటింగ్' (1963)లో మూసిన తలుపు లోపలికి ఉబ్బుతుంది, అవతల ఎవరో మనకు తెలియనివ్వరు. ఆ తలుపు దగ్గర నాకు అవ్వ వేళ్లు గుర్తొచ్చాయి. ఆమె తన చెల్లెల్ని తనే తెచ్చుకుంటోంది, నేను అడ్డంపడి వేరే పిల్లను నిలబెట్టాను.

చూపించడమే తప్పని ఇప్పటికీ అనను. 'అరుంధతి' (2009)లో దెయ్యమైన పశుపతిని దాచేస్తే ఆ సినిమా నిలబడదు. ఆ పగకు ఒళ్లు కావాలి, గొంతు కావాలి. కానీ పశుపతి కోసం రాత్రిళ్లు లేచి కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు.

నెల తర్వాత అడిగాను, గిలక వినిపిస్తాందా అవ్వా అని.

"వినిపిస్తాది. కండ్లు మూసుకుంటే మాత్రం నువ్వు పెట్టిన తెల్లమొగమే వస్తాంది. దాని మొగం రావడంలేదురా."

ఆ పిల్లది ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. సినిమా తీయకముందే నాకా సంగతి తెలుసు.