అయ్యా సూర్యనారాయణమూర్తి గారూ, మీ డ్యూటీ గంటల గురించి

మహారాజశ్రీ సూర్యనారాయణమూర్తి గారి దివ్యసముఖానికి,
కేంద్ర కార్యాలయం, అరసవల్లి.

మైలవరం నుంచి రాసుకుంటున్న అర్జీ అండి ఇది. కడప జిల్లాలో డ్యాము ఉన్న మైలవరం కాదు. పాత కృష్ణా జిల్లా మెట్టలో, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అని పిలుస్తున్న చోట ఉన్న మైలవరం. మే నెలలో తమరు రెండు మైలవరాలనీ ఒకేలా మాడుస్తారు కాబట్టి, అర్జీ పొరపాటున ఆ ఊరి ఫైల్లోకి పోకూడదని ముందే చెప్పుకుంటున్నాను.

సంగతేమిటంటే, కిందటి జూన్ నెలలో తమరిని స్టాక్‌హోంలో చూశాం. మా జగ్గయ్యపేట బావ కొడుకు అక్కడ ఉద్యోగం. బావా, నేనూ, నందిగామ మాస్టారూ కలిసి వెళ్లాం. మాస్టారు రిటైరైన సైన్సు పంతులు. రిటైరైంది బడి నుంచే గానీ పాఠం నుంచి కాదు. ఇక్కడ తమరి వల్ల ఇన్నేళ్లూ ఒళ్లు మండేది. అక్కడ తమరు పనిచేసే తీరు చూశాక కడుపు మండింది. అందుకని ఈ ఉత్తరం పదిమందీ చదివేలా రాస్తున్నాను.

మొట్టమొదట టైము సంగతి. తెల్లవారుజామున మూడున్నరకే వచ్చేశారు. మాస్టారు అలవాటుకొద్దీ చెంబుతో నీళ్లు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తమరికి అర్ఘ్యం ఇచ్చి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. అల్లుడు కళ్లు నులుముకుంటూ వచ్చి, "మాస్టారూ, ఇంకా నాలుగే అయింది, పడుకోండి" అన్నాడు. ఆయన జన్మలో సూర్యోదయం తర్వాత పడుకోలేదట. ఆ వారమంతా నిద్రలేదు పాపం. అక్కడి ఇళ్లలో కిటికీలకు నల్లటి మందపాటి తెరలు కడతారు. పసిపిల్లల్ని పడుకోబెట్టాలంటే అవే దిక్కు. తమరి మొహాన తెర వేయడంలో మాకూ వాళ్లకూ తేడా లేదు, కారణాలే వేరు.

ఆ రోజు మిడ్‌సమ్మర్ పండగ. ఏటా జూన్ 20 నుంచి 26 లోపు వచ్చే శనివారం. ఎండ ఇరవై ఒక్క డిగ్రీలు. ఆ మాత్రం ఎండకే జనం పార్కుల్లో చొక్కాలు విప్పి గడ్డి మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, తమరికేసి మొహాలు పెట్టి గంటలకొద్దీ కదలకుండా ఉన్నారు. మంత్రం లేదు, అర్ఘ్యం లేదు, రథసప్తమి నాడు తలమీద జిల్లేడాకు లేదు. ఇంతకన్నా భక్తి ఎక్కడా చూడలేదండి. తమరిని కొలిచే మేము గొడుగు కింద నక్కుతాం. తమరి పేరే తెలియని వాళ్లు ఒళ్లప్పగించి పడుకుంటారు.

నీళ్ల మీద చిన్న ఫెర్రీ ఎక్కి యూర్‌గార్డెన్ దీవికి వెళ్లాం. మెట్రోకీ బస్సుకీ కొన్న టికెట్టే ఆ పడవకీ చెల్లింది. అక్కడ వాసా అనే ఓడ ఉంది. ఈ ఓడ సంగతి తమరు పైనుంచి చూసే ఉంటారు: స్వీడన్ రాజు గుస్టావ్ అడాల్ఫ్ చేయించిన యుద్ధనౌక, 64 ఫిరంగులు, 69 మీటర్ల పొడుగు. 1628 ఆగస్టు 10న మొదటిసారి తెరచాపలెత్తి బయల్దేరింది. కిలోమీటరున్నర కూడా వెళ్లకుండానే గాలి ఒక్కసారి తోసేసరికి ఒరిగి, ఊరంతా ఒడ్డున చూస్తుండగా మునిగింది. పైన బరువెక్కువ, అడుగున తక్కువ. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు. ఈ ముక్క వినగానే బావకు ప్రాణం లేచొచ్చింది. "ఒరేయ్, ఈ దేశం మనదే రా" అన్నాడు.

1961లో దాన్ని పైకి తీశారు. మూడు వందల ముప్ఫైమూడేళ్లు నీటిలో ఉన్నా కొయ్య చెడలేదంటే, బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కావడం వల్ల కొయ్యను తొలిచే పురుగు అక్కడ బతకదట. ఇప్పుడు ఆ మ్యూజియంలో మసక వెలుతురు పెట్టి, చల్లగా ఉంచి కాపాడుతున్నారు. ఆ దేశంలో జూన్ నెలలో తమరికి ప్రవేశం లేని చోటు నాకు కనిపించింది అదొక్కటే. మేం హాయిగా రెండు గంటలు కూర్చున్నాం.

అక్కడే బావ తన ఊరి మీదికి వెళ్లాడు. ఆయన ఊరుని మొదట బేతవోలు అనేవారు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టి జగ్గయ్యపేట చేశాడు. ఊరి పక్కన ధనంబోడు. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్వితే బౌద్ధస్తూపం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనాలు దొరికాయి. అంతకంటే ఎంతో పాతదైన సున్నపురాతి పలక మీద చక్రవర్తి నిలబడి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్న శిల్పం ఉంది. పక్కన ఏనుగు, గుర్రం, చక్రం, తలమీద ఛత్రం. ఆ పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. "వీళ్లు ఓడ మునిగిన చోటికి కూతవేటులో మ్యూజియం కట్టుకున్నారు. మన చక్రవర్తికి గొడుగున్నా పేట ఎండ ఆగలేదు, మద్రాసు వెళ్లి నీడపట్టున కూర్చున్నాడు" అన్నాడు బావ. నిజానికి ఆయన వెళ్లింది ఎండకు కాదు, దొరల బండి మీద. అయినా ఆ రోజు తమరి మీద కోపంగా ఉన్నాడు కాబట్టి నేను దిద్దలేదు.

తర్వాత అదే దీవిలో స్కాన్సెన్. పాత పల్లెటూళ్ల నుంచి ఇళ్లను విప్పదీసి తెచ్చి మళ్లీ కట్టి, 1891లో ఆర్తుర్ హాజేలియుస్ అనే ఆయన పెట్టిన ఆరుబయలు మ్యూజియం. అక్కడ పూలూ ఆకులూ చుట్టిన నిలువెత్తు కర్ర పాతి, దాని చుట్టూ చేతులు పట్టుకుని ఆడతారు. ఒక పాటకి పెద్దలూ పిల్లలూ అందరూ కప్పల్లా గెంతుతారు. తోకల్లేని, చెవుల్లేని కప్పల మీద పాట. మాస్టారు ఒక్కసారి నిలబడిపోయారు. తమరికి గుర్తుండే ఉంటుంది: మా మెట్టలో వాన పడకపోతే కప్పను రోకలికి కట్టి, వేపమండలు పెట్టి, ఇంటింటికీ తిప్పి, నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆడతారు. అక్కడి కప్పలు తమరు వచ్చినందుకు గెంతుతున్నాయి, మా కప్పలు తమరు కాస్త తప్పుకోవాలని ఊరేగుతున్నాయి. మాస్టారు వాళ్లతోపాటు నాలుగు గెంతులు వేశారు. బావ ఫోనులో తీసిన వీడియో నందిగామలో ఇప్పటికీ తిరుగుతోంది.

సాయంత్రం అనకూడదు, రాత్రి ఎనిమిదింటికి అనాలి, పాత ఊరు గామ్లా స్తాన్‌లో తిరిగాం. అందులో ఒక సందు తొంభై సెంటీమీటర్ల వెడల్పు. ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాలి. మెట్ల సందు అంతా తమరి వెలుగే. తర్వాత రిద్దర్‌హోల్మెన్ ఒడ్డున నీళ్లకేసి కాళ్లు జాపుకుని కూర్చుంటే, అవతలి ఒడ్డున ఎర్రటి ఇటుకల సిటీహాలు. ఏటా డిసెంబరు 10న నోబెల్ విందు అందులోనే. విందు జరిగేది నీలం హాలులో, హాలు గోడలు మాత్రం ఎర్రవి. నీలంగా వేద్దామనుకున్న వాస్తుశిల్పి, ఇటుక అందం చూసి మనసు మార్చుకున్నాడు, పేరు మాత్రం మారలేదు.

అక్కడ మాస్టారు పాఠం చెప్పారు, దాన్ని తమరికి నివేదించక తప్పదు. అక్కడికి డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉప్సాలా. ఆ ఊరి ఖగోళశాస్త్రజ్ఞుడు ఆండర్స్ సెల్సియస్ 1742లో ఉష్ణమానం ప్రతిపాదించాడు. నీళ్లు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట వంద. ఆయన పోయాక దాన్ని తిరగేశారు. "తిరగెయ్యకుండా ఉంచితే పేపర్లో నందిగామ 55, స్టాక్‌హోం 79 అని పడేది. చదివినవాళ్లు పాపం స్టాక్‌హోం వాళ్లని జాలిపడేవాళ్లు" అన్నారు మాస్టారు. ఆ ఉప్సాలా పక్కనే ఉల్టూనాలో 1933లో 38 డిగ్రీలు నమోదైంది. స్వీడన్ చరిత్రలో అంతకు మించింది లేదు. ముప్ఫై ఎనిమిదంటే మాకు పెళ్లి ముహూర్తాలు పెట్టుకునే వేడి.

పది దాటాక తమరు వెళ్లారు. వెళ్లారని కూడా అనలేం. గడప దగ్గర నిలబడి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఉత్తరాన కిరూనా అనే ఊళ్లో ఆ రోజుల్లో అసలు వెళ్లనే వెళ్లరట. ఆపైన డిసెంబరులో కొన్నివారాలు మొహమే చూపించరట. స్టాక్‌హోంలో కూడా డిసెంబరులో మూడు కాకముందే తమరు దుకాణం కట్టేస్తారు. అల్లుడు ఆఫీసుకి వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. అందుకే పాలలో డి విటమిన్ కలిపి అమ్ముతారు. నేను తమరి మీద ఉద్యోగంలో పక్షపాతం కేసు పెడదామనుకుంటే మాస్టారు లెక్క వేసి చూపించారు: ఏడాది మొత్తం మీద పగటి గంటలు వాళ్లకూ మాకూ దాదాపు సమానమే. మాకు దినకూలీ ఇస్తారు, వాళ్లకు ఆర్నెల్ల జీతం ఒకేసారి చేతిలో పోస్తారు. గంటల్లో అన్యాయం లేదండి, ఒప్పుకుంటాను. అన్యాయం తమరు నిలబడే చోట ఉంది.

అక్కడ నడివేసవి మధ్యాహ్నం కూడా తమరు నెత్తిమీదికి రారు, పక్కకు ఒరిగే ఉంటారు. మాకు ఏడాదికి రెండుసార్లు, మే మొదటివారంలో ఒకసారీ ఆగస్టు మొదటివారంలో ఒకసారీ, మిట్టమధ్యాహ్నం నడినెత్తిన కూర్చుంటారు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. తమరి ఇల్లాలు ఛాయాదేవి గారు స్టాక్‌హోంలో ఎప్పుడు చూసినా తమరి వెంటే ఉన్నారు. మైలవరంలో ఆ రెండు మధ్యాహ్నాలూ ఆవిడ కనిపించరు. మే నెలలో వచ్చినప్పుడు ఆవిడను ఇంట్లో వదిలి రావడం ధర్మమేనా? అసలు ఆవిడ కాపురానికి వచ్చిందే సంజ్ఞాదేవి గారు తమరి వేడి తట్టుకోలేక పుట్టింటికి వెళ్లడం వల్ల కదా. కట్టుకున్న భార్యే తట్టుకోలేని వేడిని ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే ఆడకూతురు ఎలా తట్టుకుంటుందండి? 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. ఈ ఒక్క వాక్యంలో మాత్రం నాకు వేళాకోళం లేదు.

ఇక మేం ముగ్గురం ఇక్కడ తిరగాలంటే ఎలా ఉంటుందో చెబుతాను. కొండపల్లి కోట ఉంది. ప్రోలయ వేమారెడ్డి కాలం నాటిదంటారు. తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలు కింద ఊళ్లో, కోట పైన కొండమీద. పొద్దున్న ఆరింటికి ఎక్కి తొమ్మిదికల్లా దిగిపోవాలి. ఆ తర్వాత రాతి మీద కాలు ఆనదు. వేదాద్రిలో కృష్ణ ఒడ్డున యోగానంద నరసింహస్వామిని చూడాలన్నా, పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లికి మొక్కాలన్నా, తమరు లేవకముందే బయల్దేరాలి. మిగతా రోజంతా మర్రిచెట్టు కింద మజ్జిగ తాగుతూ తమరు దిగే వేళకు ఎదురుచూడాలి. అక్కడ తమరున్నంతసేపూ విహారం. ఇక్కడ తమరు వెళ్లాక విహారం. మా ఊరి జమీందార్లు పోషించిన మైలవరం నాటక కంపెనీ ఆంధ్రదేశాన్ని ఊపేసింది. తమరి పేరే పెట్టుకున్న యడవల్లి సూర్యనారాయణ గారు ఆ కంపెనీ ముఖ్య నటుడు. ఆయన కూడా తమరు అస్తమించాకే రంగం మీదికొచ్చేవాడు. జూన్‌లో స్టాక్‌హోంలో ఆ కంపెనీ పుట్టి ఉంటే తెర ఎత్తడానికి చీకటి దొరక్క మూతపడేది. ఆ విధంగా తమరికి మేం కొంత రుణపడే ఉన్నాం.

కాబట్టి ఈ అర్జీలో అడిగేది పెద్దదేం కాదు. తమరి మామగారు విశ్వకర్మ పూర్వం తమరిని సానపట్టి తేజస్సులో ఎనిమిదో వంతు తగ్గించారని పురాణం. సాన ఇంకా ఉంటే మరో ఎనిమిదో వంతు ఒప్పుకోండి. ఆ రాలిన పొడిని డిసెంబరులో కిరూనా వాళ్లకు పంపండి, ఖర్చులు వాళ్లు భరించగలరు. అది కుదరకపోతే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కాస్త పక్కకు ఒరిగి నిలబడే ఏర్పాటు చేయండి. ఏడు గుర్రాలున్న బండి కదా, ఒక్క గుర్రాన్ని ఎడమకు లాగితే చాలు. సారథి అనూరుడికి తొడలు లేవు గానీ చేతులున్నాయి.

చిత్తగించవలెను.
ఇట్లు,
తమరి నిత్య బాధితుడు,
మైలవరం.

ప్రతి: ఛాయాదేవి గారికి, తగు చర్య నిమిత్తం.

తాజాకలం: పైన కోరిన మార్పులన్నీ జూన్ నెలాఖరు నుంచి అమలు చేయగలరు. ఈలోపు చేస్తే మా తోటల్లో చిన్నరసాలు తీపెక్కవు, బంగినపల్లి రంగు తిరగదు. నందిగామ మాస్టారి కల్లంలో మిరపకాయలు కూడా ఇంకా ఆరలేదట. ఆయన మరో పదిహేను రోజులు గట్టిగా కాయమని విడిగా చెప్పమన్నారు.