మోత ఒక విద్య

నేను స్ట్రెచర్‌ని. ఆసుపత్రి వరండాల్లో చక్రాల మీద తిరిగే రకాన్ని కాదు, కొండ మీద గాయపడ్డవాళ్లను కిందికి దించడానికే పుట్టినదాన్ని. నా పేరు థామస్ స్ట్రెచర్. ఇంగ్లండ్ వాయవ్య మూలన లేక్ డిస్ట్రిక్ట్‌లో, గ్రేట్ గేబుల్ కొండ పక్కన స్టై హెడ్ అనే కనుమ ఉంది. అక్కడ ఒక పెట్టెలో నా కాపురం ఉండేది. ఆపద వచ్చినప్పుడు ఊళ్లోంచి మోసుకురానక్కర్లేకుండా కొండ మీదే దొరకాలని నన్ను అక్కడ ఉంచారు.

ఒక మనిషి కాలు పోతేగాని నేను పుట్టలేదు. 1928లో లాడో రాక్స్ అనే చోట ఓ పర్వతారోహకుడు పడిపోయి తొడ ఎముక విరిగింది. తోటివాళ్లు చేతికందిన చెక్కలతో ఏదో తడిక లాంటిది కట్టి, గంటల తరబడి మోసి రోడ్డుకు చేర్చారు. నొప్పి తగ్గించే మందు లేదు. మాంచెస్టర్‌లో విల్సన్ హే అనే సర్జన్ అతని కాలు తీసేయాల్సి వచ్చింది. పడిపోవడం వల్ల జరిగిన హాని కన్నా, మందు లేకుండా అలా మోసుకురావడం వల్ల జరిగిన హానే ఎక్కువని ఆ డాక్టరు గట్టిగా నమ్మాడు.

ఆ నమ్మకం ఊరికే పోలేదు. 1930ల మొదట్లో పర్వతారోహణ క్లబ్బులు కలిసి ఒక కమిటీ వేసుకున్నాయి. కొండకు తగిన స్ట్రెచర్ ఎలా ఉండాలన్నదే దాని పని. యూస్టస్ థామస్ అనే ఇంజనీరు నాకు రూపమిచ్చాడు. ఆయన కూడా కొండలెక్కినవాడే. అందుకే రాళ్ల మీదా గడ్డి మీదా జారేలా నాకు అడుగున పొడవాటి బద్దలు పెట్టాడు. పిడులు బయటికి లాగేలా చేశాడు. వెనక మోసేవాడికి తన పాదం పడే చోటు కనిపించకపోతే అందరూ కలిసి పడతారు. పిడి పొడవుగా ఉంటే అతనికి నేల కనిపిస్తుంది.

నేనొచ్చాక మోత కొంత సుఖపడింది, నొప్పి మాత్రం తగ్గలేదు. డాక్టర్ హే ప్రభుత్వ అనుమతి లేకుండానే రెస్క్యూ పోస్టులకు మార్ఫియా అనే నొప్పి మందు ఇస్తూ వచ్చాడు. 1949లో కోర్టు ఆయనకు 10 పౌండ్ల జరిమానా వేసింది. ఆ కేసుతో విషయం అందరి నోళ్లలో పడింది, ఆ తర్వాత కొండ మీద మార్ఫియా ఉంచుకోవడానికి ప్రభుత్వమే ఒప్పుకుంది. ఎందరి బాధో తీర్చిన మనిషి ఆయన. ఆ పేరు తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వం.

1946లో మా గ్రేట్ గేబుల్ మీదే పర్వతారోహకుడు విల్‌ఫ్రిడ్ నోయిస్‌ను ఈదురుగాలి పడగొట్టింది. కాలు విరిగిన మనిషిని చీకట్లో కిందికి దించడానికి రాత్రంతా పట్టింది. ఆ పనిలో పాల్గొన్న రస్టీ వెస్ట్‌మోర్లాండ్‌కు ఒక సంగతి అర్థమైంది: అప్పటికప్పుడు పోగైన జనం చాలరు, ముందే నేర్చుకుని సిద్ధంగా ఉన్న జట్టు కావాలి. కెజిక్ పట్టణంలో వాలంటీర్ల జట్టు అలా పుట్టింది. ఇక ఆ నోయిస్ 1953 ఎవరెస్ట్ యాత్రలో సుమారు 7,900 మీటర్ల ఎత్తున ఉన్న సౌత్ కోల్ దాకా నడిచాడు. చక్కగా మోస్తే మనిషి మళ్లీ కొండెక్కగలడు!

మా మోత ఎలా ఉంటుందో చెబుతాను. గాయపడ్డ మనిషిని మందపాటి సంచిలో చుట్టి, పట్టీలు బిగిస్తారు. ముఖం ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ఒకరు తల దగ్గరే ఉండి మాట్లాడుతూనే ఉంటారు: ‘ఇక్కడ కాస్త కుదుపు ఉంటుంది’, ‘ఇప్పుడు ఎడమకు తిరుగుతున్నాం’. తనకేం జరుగుతోందో తెలిస్తే మనిషికి సగం భయం పోతుంది. మిగతావాళ్లు ఇరుపక్కలా వరసగా నిలబడి పిడులు పట్టుకుంటారు. వాలు ఎక్కువైతే వెనక నుంచి తాడు కట్టి, దాన్ని కొంచెం కొంచెంగా వదులుతారు. ముందు నడిచేవాడు దారి చూస్తాడు. వదులుగా ఉన్న రాయి కనిపిస్తే కేకేస్తాడు. ఒకరి చేయి అలిసిందంటే పక్కన నడుస్తున్నవాడు ఆ పిడి అందుకుంటాడు. స్ట్రెచర్‌ని కింద పెట్టే పని ఉండదు.

వీళ్లలో టీచర్లున్నారు, రైతులున్నారు, నర్సులున్నారు, తాపీ మేస్త్రీలున్నారు. పోలీసుల నుంచి కబురు రాగానే తింటున్న అన్నం దగ్గర నుంచి లేచి వస్తారు. జీతం లేదు. కాపాడినందుకు ఎవరి దగ్గరా రుసుము తీసుకోరు. జట్టు చాలావరకు జనం ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది. తెల్లారి మళ్లీ ఎవరి ఉద్యోగానికి వాళ్లు. వానలోనూ మంచులోనూ సాధన చేస్తారు, ముడులు వేయడం నేర్చుకుంటారు, వైద్యంలో పరీక్షలు రాస్తారు.

1970ల్లో యాంబుల్‌సైడ్‌లో పీటర్ బెల్ ఉక్కుతో కొత్త స్ట్రెచర్ చేశాడు. రెండు ముక్కలుగా విడదీసి ఇద్దరు వీపున వేసుకుని ఎక్కొచ్చు. నాకంటే గట్టిది. దానికి చోటిచ్చి నేను తప్పుకున్నాను. అందులో నాకేమీ బాధ లేదు. ఇప్పుడు హెలికాప్టర్లూ వచ్చాయి. అయినా మేఘం కిందికి దిగితే హెలికాప్టర్ రాలేకపోవచ్చు. అప్పుడు మళ్లీ మనుషులే మోయాలి.

మోత మా దగ్గరే కాదు. మీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి నిండు గర్భిణులను డోలీలో మోసుకొస్తారు. కర్రకు కట్టిన ఆ దుప్పటి నాకు అక్క. అక్కడ మోసేవాళ్ల భుజబలానికి శిక్షణ, మందుల సంచీ తోడైతే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో! రోడ్డు పడేదాకా అదైనా చేయాలి.

కొండలకు వెళ్లే మీకు నా మనవి ఇది. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. టార్చి, విజిల్, వెచ్చటి బట్ట వెంట ఉంచుకోండి. ఆపద వస్తే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊదండి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదండి. మా కొండల్లో అది అందరూ ఎరిగిన పిలుపు. పొద్దు వాలుతుంటే వెనక్కి తిరగండి. మీ ఊళ్లో మోసే జట్టంటూ ఉంటే వాళ్లకు చేతనైనంత ఇవ్వండి. లేకపోతే పదిమంది కలిసి ఒక జట్టు కట్టండి, మోయడం నేర్చుకోండి.