చీరకింత, కథకెంత?

నా పద్దులో 91 రూపాయల 40 పైసలున్నాయి. నూరు నిండితే గానీ బ్యాంకుకు పంపరట. ఆ నూరు నిండేలోపల నేను నిండుకునేట్టున్నాను.

పొద్దున కళ్ళు తెరుస్తూనే ఫోను మోగుతుంది. "అభినందనలు! మీరు లక్ష్యానికి చాలా దగ్గర్లో ఉన్నారు." వారాల తరబడి అదే దగ్గర. ఎవరన్నా ఒకసారి అభినందిస్తే సంతోషమే. ఏమీ జరక్కపోయినా రోజూ అభినందించేవాడి మీద మాత్రం అనుమానం రాక తప్పదు.

రాసినదానికి డబ్బులిచ్చే ఇలాంటి యాప్‌లో ఎట్లా చేరతారో మీకు చెప్పనక్కర్లేదు. "రాయండి, సంపాదించండి" అన్న లింకు మీ వాట్సాప్‌కూ వచ్చే ఉంటుంది. ఆ రెండు మాటల నడుమ ఉన్న కామా ఎంత వెడల్పో లోపలికి పోయినాక గానీ తెలియదు.

హిందూపురంలో రాత మీద బతికేవాడికి పని దొరకదని కాదు. విత్తనాల కంపెనీ కరపత్రాలు తెలుగు చేస్తాను. బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఆశువుగా మాట్లాడాల్సిన ఉపన్యాసం ముందే రాసిస్తాను. అన్నిటికంటే పెద్ద పోషణ ఫ్లెక్సీలది. 1985 నుంచి కొన్నేళ్ళు ఎన్టీఆర్, 2014 నుంచి ఆయన కొడుకు బాలకృష్ణ మా ఎమ్మెల్యేలు. సినిమా హీరోలు ప్రాతినిధ్యం వహించే ఊళ్ళో విశేషణాలకు కరువుంటుందా? కాకపోతే ఫ్లెక్సీ బేరం చదరపు అడుగు లెక్కన. "సింహం" అని రాసినా "గర్జించే సింహం" అని రాసినా నాకొచ్చేది ఒకటే. ఈ గర్జనలకు విడిగా కూలి దొరికే చోటు ఒకటి ఉందంటే ఎవడికైనా ఆశ పుడుతుంది.

చేరగానే నేనెవరో రుజువు చేసుకోమన్నారు. పాన్ కార్డులో మా నాయన పేరు నాకు ముందు నడుస్తుంది, బ్యాంకు పుస్తకంలో వెనక నడుస్తుంది, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై ముడుచుకుని కూర్చుంది. ఇంటిపేరు ముందుండే తెలుగువాళ్ళను "మొదటి పేరు, చివరి పేరు" అని అడిగేవాళ్ళు ఈ జన్మకు బాగుపడరు. ముగ్గురు మనుషుల పత్రాలు పంపారని యాప్ తిప్పి కొట్టింది. ఆ ముగ్గురినీ ఒప్పించి ఒక్కడిని చేసేసరికి ప్రాణం పోయింది. చివరికి ఖాతా నాదో కాదో చూడ్డానికి ఒక రూపాయి వేశారు. బ్యాంకు నుంచి మెసేజీ వచ్చింది. ఆ యాప్ నుంచి నా ఖాతాలో పడ్డ డబ్బు ఇప్పటికి అదొక్కటే. అదీ రాసినందుకు కాదు, నేను నేనే అయినందుకు.

మిగతా డబ్బు గురించి వాళ్ళకు మెయిలు పెట్టమన్నారు మిత్రులు. పెట్టలేదు. మాకు కూతవేటు దూరంలో లేపాక్షి ఉంది. రాజుగారి ఖజానా లెక్కల గొడవలో, అక్కడి గుడి కట్టించిన కోశాధికారి విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గుడి గోడకు విసిరికొట్టాడని అక్కడి కథ. ఆ ఎర్ర మరకలు ఇవేనని గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. లెక్కల విభాగంతో తగువు పెట్టుకోకూడదని మా వైపు పిల్లలకు విహారయాత్రలోనే తెలిసిపోతుంది.

ఇక రాబడి సంగతి. పాఠకుడు తెరిచి చూస్తే చాలదు, చివరిదాకా చదవాలి. మధ్యలో వదిలేస్తే అది చదివినట్టు కాదు. అందుకని ప్రతి భాగం చివరా ఎవరో ఒకరు తలుపు తట్టాలని అక్కడి సీనియర్ల సలహా. అక్కడ బాగా పోయేవి కోటీశ్వరుడైన బాసూ, ఒప్పందం మీద అతన్ని పెళ్ళాడిన సెక్రటరీ కథలు. ఆ బాసు హైదరాబాదులో అద్దాల మేడలో ఉంటాడు, జన్మలో కిలో చింతపండు కొని ఎరగడు. నేనేమో మా చింతపండు మార్కెట్ మీద వ్యాసం రాసుకున్నాను. గింజ తీసిన పండుకూ తీయని పండుకూ ధరలో తేడా, తూకం దగ్గర జరిగే గొణుగుళ్ళు, తొక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబారే తీరు. చివర్లో సీనియర్ల మాట ప్రకారం ఎవరో తలుపు తట్టారు. మా మార్కెట్‌కు తలుపే లేదు. అయినా తట్టించాను.

పెట్టిన నాలుగు సెకండ్లకు "సూపర్బ్ అండీ, కంటతడి పెట్టించారు" అని ఒకావిడ రాసింది. అంత వేగంగా చదివి ఏడవడం మానవమాత్రులకు సాధ్యం కాదు. తర్వాత అర్థమైంది. ఆమె కథ తెరిచి నేను కూడా కంటతడి పెట్టాలి. అక్కడ అందరూ రచయితలే. ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం. ఈ లెక్కన నాకు జమ అయిన పైసల్లో సగం, నేను చదవకుండానే చదివినట్టు నటించిన కథల పుణ్యం.

ఇది చాలదన్నట్టు, ఎప్పుడో ఒక బడి సావనీరుకు రాసిచ్చిన నా ముక్కనే కాస్త దిద్ది పెడితే, "ఇది వేరే చోట నుంచి కాపీ చేసినట్టుంది" అని ఎర్రగీత గీసి వెనక్కి పంపారు. ఎవరి దగ్గర కాపీ చేశాను? నా దగ్గరే. ఆ సంగతి వాళ్ళకు ఎట్లా చెప్పేది?

ఆ ఎర్రగీత చూసినప్పుడు ధర్మవరం పోయే పాసింజరులో ఉన్నాను. బండి పెనుకొండలో ఆగింది. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు వచ్చి కూర్చున్నది ఇక్కడే. ఓడి వచ్చినవాళ్ళకు చోటివ్వడం ఆ కొండకు అలవాటు. నాకు మాత్రం రాజులు కాదు, పుట్టపర్తి నారాయణాచార్యులు గుర్తొచ్చారు. 1914లో పుట్టిన ఆ మహానుభావుడు పెరిగింది పెనుకొండలో. మీసమైనా రాని వయసులో ఈ ఊరి పాడుబడ్డ వైభవం చూసి 'పెనుగొండ లక్ష్మి' అనే కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, అందులో పాఠ్యపుస్తకం ఏది? ఆ 'పెనుగొండ లక్ష్మే'. దాని మీద రెండు మార్కుల ప్రశ్న వస్తే ఆయన నలభై పేజీలు రాశారని, తక్కిన ప్రశ్నలకు టైము చాలక పరీక్ష తప్పారని సాహిత్యం తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆయన ఎంత గొప్పవాడో చెప్పడానికే అందరూ చెబుతారు. ఆ రోజు మాత్రం నాకు కూలి లెక్క తట్టింది. రెండు మార్కులు, నలభై పేజీలు. పేజీకి ఎంత పడింది? మార్కులో ఐదు పైసలు. ఫోను తీసి నా రేటు చూసుకున్నాను. అటూ ఇటూగా అంతే. సరస్వతీపుత్రుడని పేరున్న ఆయనకూ నాకూ ఇన్నాళ్ళకు ఒక పోలిక దొరికింది.

అక్కడితో వదల్లేదు. ఆయన పది పేజీలు దాటాక అడిషనల్ షీటు అడిగి ఉంటారు. ఇన్విజిలేటరు ఇచ్చి ఉంటాడు. మళ్ళీ అడిగి ఉంటారు. ముప్పయ్యో పేజీకి వచ్చేసరికి దారం ముక్కలు అయిపోయి, పక్క హాలు నుంచి అప్పు తెచ్చి ఉంటారు. "ఏ ప్రశ్న స్వామీ?" అని ఆ ఇన్విజిలేటరు తొంగి చూసి ఉంటే, అది రెండు మార్కులదని తెలిసి ఏమనుకొని ఉంటాడు? పేపర్లు దిద్దే పండితుడి సంగతి ఇంకా ఘోరం. నంబరు తప్ప పేరు కనిపించని కట్టలో ఇంత లావు జవాబు. ఎన్నో పేజీ దాకా చదివాడు? ఆ రోజుల్లో చదివిన శాతం లెక్క వేసే యంత్రం లేదు. మధ్యలో తలుపు తట్టేవాళ్ళనైనా పెట్టలేదు కవిగారు. "విద్యార్థికి విషయం తెలుసు గానీ కవి హృదయం అందలేదు" అని అంచున రాసి ఒక మార్కు కోసినా దిక్కులేదు. కోసి ఉండడులే, కానీ కోసినా ఆ కవిగారు పోయి ఎవరితో మొర పెట్టుకుంటారు? అదే ఈ యాప్ కాలంలో అయితే చదివే పనే లేదు. నలభై పేజీలూ "వేరే చోట నుంచి కాపీ చేసినట్టుంది" అని ఎర్రగీతతో తిరిగొచ్చేవి. దారాలతో సహా.

బండి ఎప్పుడు కదిలిందో చూసుకోలేదు.

రాత మీద బతకడం ఈ సీమలో ఎప్పుడు కుదిరింది గనుక! ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులను ఆంధ్ర నాటక పితామహుడన్నారు. ఆ పితామహుడికి అన్నం పెట్టింది నాటకం కాదు, బళ్ళారి కోర్టు. పగలు వకాల్తా, రాత్రి నాటకం. ఇంటర్నెట్టు వచ్చాక మాత్రం తెలుగుకు తొందరగా ఏమొరిగింది? 2018 ఏప్రిల్ దాకా గూగుల్ ప్రకటనల డబ్బులిచ్చే భాషల జాబితాలోనే మనం లేము. అంతకుముందు రాసినవాళ్ళు ఎవరూ నూరు నిండలేదని ఏడ్చిన పాపాన పోలేదు. డబ్బు ఊసు లేనిచోట ఏడుపు ఎందుకుంటుంది? 91 రూపాయలు చూపించి ఆపడంలోనే ఉంది కిటుకంతా.

ధర్మవరంలో మా అక్కవాళ్ళ ఇల్లు. బావది కూలి మగ్గం. పట్టూ జరీ యజమాని ఇస్తాడు, నేసిచ్చిన చీరకు ఇంత అని కూలి. నేను వెళ్ళేసరికి గుంటలో కాళ్ళు పెట్టుకుని అంచు నేస్తున్నాడు. అక్క పక్కన కండెలు చుడుతోంది. నా మొహం చూసి విషయం అడిగితే చెప్పాను.

"అయితే ముక్కకెంత బామ్మర్దీ?" అన్నాడు బావ.

ముక్కకు కాదు, చదివినదాన్ని బట్టి అన్నాను.

నాడె ఆపాడు. "అంటే చీర నేసినాక, దాన్ని ఎవురన్నా కట్టుకుంటేనే కూలి ఇస్తారా?"

"అంతే అనుకో."

"కట్టుకుని పెండ్లికాడికి పోతా పోతా, సగం దోవలో నచ్చలేదని మార్చుకుంటే?"

"పైసా రాదు."

"మరి అట్లాంటోనికాడ మగ్గం ఎందుకేసినావప్పా?" అని మళ్ళీ నాడె విసిరాడు.

నాకు రోషమొచ్చి, మీ చీరకు మాత్రం ఏం మిగులుతోందని అడిగాను. అడగకపోయినా బాగుండేది. బావ మాట్లాడకుండా ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. మగ్గం మీదున్న అంచే, అదే హంసల వరస. ఎక్కడో పవర్‌లూమ్‌లో దించి, ధర్మవరం పట్టు అనే పేరుతోనే చవగ్గా అమ్ముతున్నారు. చేనేతకే వదిలేయాల్సిన రకాలు ఇవీ అని 1985లోనే చట్టం చేశారు. ధర్మవరం చీరలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. హంసలకు అవేమీ పట్టినట్టు లేదు. బావ దాని గురించి ఫిర్యాదుగా కూడా చెప్పలేదు. పట్టు ధర పెరిగింది, జరీ ధర పెరిగింది, కూలి సంగతి యజమాని తర్వాత చూద్దామన్నాడు అని, వానల గురించి చెప్పినట్టు చెప్పాడు.

అక్క చుట్టే కండెలకు కూలి విడిగా ఏమీ లేదు. చీర కూలిలోనే అదీ కలిసిపోతుంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి పోతున్నాను, ఈ లెక్క నేనెప్పుడూ వేయలేదు. నాకు పైసలు రాకపోతే ఫ్లెక్సీలు ఇంటి బాడుగ కడతాయి. రాసినదాని కింద నా పేరైనా ఉంటుంది. ఆ చీర ఏ పెళ్ళిలో ఎవరు కట్టుకున్నా, చూసినవాళ్ళు ఏ షాపులో కొన్నారనే అడుగుతారు. ఎర్రగీత కోపం అప్పటికి కాస్త చల్లారిందని చెప్పాలి. పూర్తిగా కాదు. పక్కవాడిది పెద్ద కష్టమైతే మనది కష్టం కాకుండా పోతుందా?

తిన్నాక బావ తన ఫోనులో యాప్ దించమన్నాడు. దించి నా చింతపండు వ్యాసం తెరిచిచ్చాను. గోడకు చేరగిలబడి, వేలితో ఒక్కో వాక్యం నెట్టుకుంటూ, మధ్యలో రెండు ప్రకటనలు కూడా పూర్తిగా చూసి, చివరిదాకా చదివాడు. నటించకుండా చదివిన మొదటి మనిషి. నా పద్దు చూసుకున్నాను. మూడు పైసలు పెరిగింది. నూరు నిండాలంటే ఇట్లాంటి బావలు ఇంకా 286 మంది కావాలి. నాకున్నది ఒకే అక్క.

చదివినందుకు చుక్కలు కూడా ఇచ్చాడు. నాలుగు.

"ఐదుకు నాలుగేనా బావా? సొంత బామ్మర్దికి?"

"తలుపని రాసినావు గదా. ఆ మార్కెట్‌కు తలుపు యాడుందప్పా? నేను చూడని మార్కెట్టా అది?"

"అది వాళ్ళ పద్ధతి బావా. చివర్న అట్లా పెట్టాలంట."

"సరే, పెట్టినావు," అన్నాడు బావ. ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుని కిందికీ పైకీ నెట్టి చూశాడు. "ఇంతకీ తట్టినోడు ఎవుడు? తరువాయి భాగం ఎప్పుడేస్తావు?"